అడిగి వెళ్లాలనుకున్న మనిషి

ఆమె పోయిందని నాకు తెలిసింది ఒక ఫ్లెక్సీ ఫొటో చూసి. పాత కాలేజీలో నాతో పనిచేసిన ఒక మాస్టారు వాట్సాప్‌లో పంపాడు. కాలేజీ గేటుకు కట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ. మధ్యలో ఆమె ఫొటో, చుట్టూ పూలు, కింద యాజమాన్యం, అధ్యాపక బృందం, విద్యార్థులు అని మామూలు వరస. ఫొటోలో కళ్లు సగం మూసి ఉన్నాయి. అంతకంటే మంచిది దొరకలేదో, అసలు వెతకలేదో. అదంతా సరే. ఆమె పేరు ముందు 'డాక్టర్' అని వేశారు.

నాకు ఒళ్లు మండిపోయింది. బతికున్నన్నాళ్లూ ఆ మాట ఆమె పేరు దరిదాపులకు రాకుండా అడ్డం పడ్డది వీళ్లే. ఇప్పుడేమో పెద్దక్షరాల్లో, పసుపు రంగులో, ఊరికే ఇచ్చేశారు. వెంటనే ఆ మాస్టారుకి ఫోన్ చేసి అడిగాను.

"ఫ్లెక్సీ షాపువాడి పనమ్మా అది. అంత సీనియరంటే డాక్టరే అయ్యుంటదని వేసేసినాడు. మావాళ్లు ఎవురూ చూసుకోలా. ఇప్పుడు తీసి మళ్లీ కడితే బాగుండదని వదిలేసినారు" అన్నాడు.

బాగుండకపోవడం అంటే ఏమిటో ఆ కాలేజీకి ఇన్నాళ్లకు తెలిసినందుకు సంతోషించాలి.

ఆమె పేరు నేనిక్కడ రాయను. రాస్తే దాని ముందు ఏం పెట్టాలన్న గొడవ మళ్లీ మొదలవుతుంది. కాలేజీలో అందరూ మేడమ్ అనేవాళ్లు. నేను అక్కా అనేదాన్ని. అది చాలు.

మా కాలేజీ నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే రోడ్డు మీద, రొయ్యల గుంటల మధ్య ఉండేది. ఇంజినీరింగు కాలేజీ, దానికి తోకలాగా ఒక ఎంబీఏ విభాగం. సముద్రం కనపడేది కాదు గానీ దాని పని మాత్రం కనపడేది. కిటికీ ఊచలు, కుర్చీ కాళ్లు, ఫ్యాను రెక్కలు అన్నీ తుప్పు. క్లాసులోకి రాగానే అక్క చేసే మొదటి పని కిటికీలన్నీ తెరవడం. పిల్లలు ఉక్కపోతలో కూర్చున్నా పట్టించుకోని మాస్టర్లు ఉన్న చోట, ఈమె ఒక్కొక్క రెక్కనూ మోచేత్తో గుద్ది మరీ తెరిచేది. తెరిచాక చేతులకంటిన తుప్పును చీర కుచ్చిళ్లకే తుడుచుకునేది. అందుకే ఆమె చీరలన్నిటికీ ఒకే చోట గోధుమరంగు మరక ఉండేది.

నేను చేరిన రోజు మొదట గమనించింది ఆమె కంప్యూటరును. మానిటరు అంచు వెంట వరసగా బొట్టుబిళ్లలు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆమె బల్ల మీద తల వాల్చి కాస్త కునుకు తీసేది. పడుకునే ముందు నుదుటి బిళ్ల తీసి మానిటరుకు అంటించేది. లేచాక దాన్ని మరిచిపోయి సంచిలోంచి కొత్తది పెట్టుకునేది.

"ఇది కంప్యూటరా అక్కా, అమ్మవారా?" అని ఒకసారి అడిగాను.

"పూజ జరగకపోతే ఆన్ కాదు మే అది. నువ్వు చేరకముందు నించీ ఉండాది. మర్యాదగా చూసుకోవాల" అంది.

ఆమెకు ఒక ఊతపదం ఉండేది: "అది వేరే సబ్జెక్టు." ఇంట్లో ఎలా ఉంది అంటే అది వేరే సబ్జెక్టు. మోకాలి నొప్పి తగ్గిందా అంటే అది వేరే సబ్జెక్టు. ఆమెకు ఉన్న సబ్జెక్టు ఒకటే, టెక్నాలజీ మేనేజ్‌మెంటు. అందులో డాక్టరేటు చెయ్యాలి. పదోన్నతి కోసమని అందరూ అనుకునేవాళ్లు. కాదు. ఒకసారి నాతో అంది: "ఇన్నేళ్లు పాఠం చెప్పి చెప్పి నా నోట్లో అన్నీ ఇంకొకరి మాటలే మిగిలినాయి మే. నేను కనిపెట్టింది, నాది అనేది, ఒక్క మాటన్నా ఉండాల."

ఆమె ఎంచుకున్న ప్రశ్న వినడానికి చాలా చిన్నది. రొయ్యల రైతులు యంత్రాలు కొంటారు, కొన్నాక ఎందుకు వాడరు? ఈ ప్రశ్నతో ఆమె దొరికిన వాళ్లనందరినీ చంపుకు తినేది. బస్సులో పక్క సీటు రైతును, మేత కంపెనీ ఏజెంటును, ఆఖరికి తన మొగుణ్ణి. ఆయనకు తోటపల్లి గూడూరు దగ్గర గుంటలున్నాయి. తన పరిశోధన సారాంశం, అంటే సినాప్సిస్‌ను ఏటా కొత్తగా రాసి, తెలుగులోకి మార్చి ఆయనకు చదివి వినిపించేదట. ఆయన ఓపిగ్గా అంతా విని, "బాగానే ఉండాది గానీ, దీనివల్ల రొయ్యకేమన్నా లాభముందా?" అనేవాడట. ఇది చెప్పి ఆమె పడీపడీ నవ్వేది.

ఒక ఆదివారం నన్నూ గుంటల మీదికి తీసుకుపోయింది. వాళ్లకు తెలిసిన ఒక పెద్దాయన అంతకు ముందే మేత చల్లే మిషను కొన్నాడు. దాని పని చూద్దామని పోతే, దానికి పాత చీర చుట్టి తాడుతో కట్టేసి ఉంది. ఆయన తెప్ప మీద నిలబడి చేత్తోనే చల్లుతున్నాడు.

"మిషను పాడైందా మామా?" అని అడిగింది అక్క.

"పాడెందుకైద్ది? బ్రహ్మాండంగా తిరగతది."

"మరెందుకు మూట గట్టినావు?"

ఆయన ఒడ్డుకొచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. "దాని పాటికి అది చల్లతా ఉంటే నేను గట్టు మీద ఊరికే నిలబడాల. ఊరికే నిలబడితే మీ అత్త చూస్తది. గేదెని తోలకరా అంటది, సంతకి పో అంటది. చేత్తో చల్లతా ఉన్నాననుకో, పొద్దు గుంకేదాకా నన్నెవురూ పిలవరు."

అక్క నవ్వలేక గట్టు మీద కూలబడింది. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వి, పైటతో తుడుచుకుని, ఉన్నట్టుండి గంభీరమైపోయింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అంది: "మనల్ని ఎవురూ పిలవని చోటు ఒకటి కావాల మే మనిషికి. దాన్ని మిషను లాగేసుకుంటే ఎట్ట వాడతాడు?" ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదని, తాను చూసినంతవరకు ఎవరూ రాయలేదని చెప్పేటప్పుడు ఆమె మొహం వెలిగిపోయింది. నాకు ఆ మొహమే ఇప్పటికీ గుర్తు, ఆ ఫ్లెక్సీలో ఉన్నది కాదు.

ఇక ఆమెను కట్టేసిన తాడు సంగతి చెప్పాలి.

మాలాంటి కాలేజీల్లో ఒక ఆనవాయితీ ఉంది. చేరే రోజున పదో తరగతి నుంచి పీజీ దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఆఫీసులో ఇచ్చేయాలి. మధ్యలో మానేసి పోకుండా మాస్టర్లకు వేసే ముక్కుతాడు అది. నాకూ కాఫీ ఇచ్చి, ఫైలు తీసుకుని, ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు. అప్పుడు నాకు అదేదో గౌరవంగానే అనిపించింది. విద్యాసంవత్సరం అయిపోయాక, అదీ మన బదులు మనిషి దొరికాక, వాళ్లకు బుద్ధి పుడితే తిరిగి ఇస్తారు. పీహెచ్‌డీ సీట్లేమో ఏడాది మధ్యలో వస్తాయి. వచ్చినవాళ్లు వారం తిరక్కుండా ఒరిజినల్స్ తెచ్చి చూపించాలి. ఉద్యోగం చేస్తూ చదువుకుంటానన్నా అవి చూపించాల్సిందే, పైగా కాలేజీ నుంచి అభ్యంతరం లేదన్న ఎన్‌ఓసీ కూడా కావాలి. అక్కడ తలుపు తీసే వేళకు ఇక్కడ తలుపు మూసి ఉంటుంది. ఏటా ఇదే తంతు.

ఇందులో విడ్డూరం ఏమిటంటే, పీహెచ్‌డీకి ఎందుకు చేరలేదో సంజాయిషీ చెప్పమని కాలేజీయే ఆమెకు ఏటా మెమో ఇచ్చేది. ఎన్‌ఓసీ ఇవ్వం అన్న కాగితం కూడా ఇంచుమించు అప్పుడే వచ్చేది. ఆమె రెంటినీ కలిపి గుండుసూది గుచ్చి, "చూడు, మొగుడూ పెళ్లాలు ఎంత అన్యోన్యంగా ఉండారో" అని స్టాఫ్ రూములో అందరికీ చూపించేది.

ఒకసారి నేను సెలవు చీటీ మీద సంతకానికి ప్రిన్సిపాల్ గదిలో నిలబడి ఉండగానే ఆమె ఎన్‌ఓసీ అడగడానికి వచ్చింది.

"మీరు పోతే తనిఖీ కమిటీ వచ్చినప్పుడు సీనియర్ అని ఎవర్ని చూపించమంటారు మేడమ్?" అన్నాడాయన.

"పీహెచ్‌డీ లేదని మెమో ఇచ్చింది మీరే గదా సార్?"

"అది ప్రొసీజర్."

"మరి చెయ్యనియ్యకపోవడం?"

"అది కరస్పాండెంటు గారి నిర్ణయం. నా చేతుల్లో ఏముంది చెప్పండి? వచ్చే ఏడు చూద్దాం." కరస్పాండెంటు అంటే కాలేజీ యజమాని.

ఆమె సరేనని బయటికొచ్చింది. వరండాలో నేను కోపం పట్టలేక, "ఎందుకక్కా వీళ్లని అడగడం? చెప్పకుండా పోతే ఏం చేస్తారు?" అన్నాను.

"చెప్పకుండా పోయేదానికి నేనేమన్నా దొంగనా? అడిగే పోవాల" అంది.

ఆమెతో వచ్చిన చిక్కంతా అదే. మేమంతా ఇంటర్వ్యూలకు పోవాలంటే కడుపునొప్పి అని రాసేవాళ్లం. ఆమె మాత్రం సెలవు చీటీలో 'పీహెచ్‌డీ ఇంటర్వ్యూ నిమిత్తం' అని గుండ్రంగా, చదవడానికి వీలుగా రాసేది. ఆ చీటీ సాయంత్రానికల్లా కరస్పాండెంటు బల్ల మీద ఉండేది.

నేను చేరిన కొన్నేళ్లకు, నన్నూ దరఖాస్తు చేయమని వెంటపడింది. "రైల్లో తోడుంటావు, రా" అంది. అలా ఇద్దరం ఒకే యూనివర్సిటీకి ఒకే రోజు ఇంటర్వ్యూకి వెళ్లాం. లోపల ఆమెను ఒకాయన, ఈ వయసులో పీహెచ్‌డీ ఎందుకమ్మా అని అడిగాడట. "ఈ వయసొచ్చేదాకా మీ దగ్గిరికి రానియ్యలేదు సార్" అని చెప్పిందట. ఆ తర్వాత చీర చుట్టిన మిషను కథ చెబితే, కుర్చీల్లో వెనక్కి వాలి ఉన్న వాళ్లందరూ ముందుకు జరిగారట. కొన్నాళ్లకు మా ఇద్దరికీ సీట్లు వచ్చాయి.

నేను ఎగిరి గంతేశాను. ఆమె మాత్రం ఆ మధ్యాహ్నమే కాగితం పట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్లింది. ఈసారైనా ఇస్తారని నమ్మింది, పిచ్చి మనిషి. వాళ్లు ఎన్‌ఓసీ ఇవ్వలేదు, సర్టిఫికెట్లూ ఇవ్వలేదు. ఎందుకంటే సరిగ్గా ఆ వారమే తనిఖీ కమిటీ రాబోతోంది, రికార్డుల్లో ఆమె కాలేజీకి పెద్ద దిక్కు. తిరిగొచ్చి నా బల్ల పక్కన నిలబడి, మెల్లగా చెప్పింది.

"నేనడిగి చెడినా. నువ్వు అడగబాకు. నీకు సీటొచ్చిందని ఎవురికీ చెప్పబాకు."

ఆ మనిషి నోట ఆ మాట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. నాకు భయమేసింది.

కమిటీ వచ్చే రోజు మాకు ఒక విధంగా పండగ. ఆ ఒక్క రోజు బీరువా తెరుస్తారు. ఎవరి ఫైలు వాళ్ల చేతికిస్తారు. కమిటీవాళ్లు పిలిచినప్పుడు లోపలికి పోయి ఒరిజినల్స్ చూపించి, బయటికి రాగానే తలుపు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్న సూపరింటెండెంటుకు అప్పజెప్పాలి. మన చదువు మన చేతుల్లో ఉండేది ఆ కాసేపే.

ఆ ఉదయం సెమినార్ హాల్లో పట్టుచీరలు, అద్దెకు తెచ్చిన పూలకుండీలు, రోజ్‌వాటరు. అక్క పక్క కుర్చీలో ట్రాన్స్‌పోర్టు ఇన్‌చార్జి కూర్చున్నాడు. కాలేజీ బస్సులు చూసుకునే ఆయనకు అధ్యాపకుల మధ్య ఏం పని? కరస్పాండెంటు కూర్చోబెట్టాడని అందరికీ తెలుసు. ఆమె కాఫీకి లేస్తే ఆయనా లేచేవాడు.

"ఏం నాయనా, తోడుపెళ్లికూతురి మాదిరి వదలకుండా కూర్చున్నావే" అంది ఆమె. ఆయన సిగ్గుపడి తల దించుకున్నాడు గానీ కుర్చీ మాత్రం వదల్లేదు.

నన్ను ముందు పిలిచారు. చూపించడం అయిపోయి నేను బయటికొస్తుంటే ఆమె లోపలికి వస్తూ ఎదురైంది. తలుపు సందులో, పెదాలు కదిలీ కదలకుండా అంది: "బల్ల కాడ తొందరపడి ఇచ్చెయ్యబాకు. లైన్లో నిలబడు. నేను బయటికొచ్చి నడిచినప్పుడు నువ్వు వంటగది దిక్కు పో. నా దిక్కు చూడబాకు."

నేను వరసలో చివరకు జరిగి నిలబడ్డాను. కాసేపటికి ఆమె బయటికొచ్చింది. సూపరింటెండెంటు చెయ్యి చాపాడు. ఆమె ఫైలు ఇవ్వలేదు. దాన్ని గుండెకు ఆనించుకుని, ఏదో గుడికి పోతున్నట్టు, తాపీగా మెట్లు దిగి గేటు వైపు నడవడం మొదలుపెట్టింది.

"మేడమ్! మేడమ్, ఫైలు!" అని ఆయన లేచాడు. ట్రాన్స్‌పోర్టు ఇన్‌చార్జి లేచాడు. ఆఫీసు ఆఫీసంతా కదిలింది. బల్ల ఖాళీ, తలుపు ఖాళీ. వరసలో నిలబడ్డవాళ్లంతా వరండా చివరకు పరిగెత్తి అటే చూస్తున్నారు. నా వైపు చూసే కన్ను ఒక్కటి లేదు.

నేను హాస్టలు వంటగది వెనక సందులోంచి, చేపలు తెచ్చే చిన్న తలుపులోంచి బయటపడ్డాను. పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గుంటల గట్టు వెంబడి పోయి రోడ్డెక్కాను. బస్సు స్టాపు కాలేజీ గేటుకు కాస్త అవతలే. ప్రహరీ గోడ అడ్డం కాబట్టి లోపలివాళ్లకు కనపడను, గేటు దగ్గరికొచ్చి చూస్తే మాత్రం తేటతెల్లంగా కనపడతాను. మైపాడు నుంచి రావాల్సిన బస్సు ఎంతకీ రాదు. చూడొద్దంది కాబట్టి నేను గేటు వైపు చూడలేదు. బస్సు వచ్చింది, ఎక్కాను, అంతే.

తర్వాతది మిగతావాళ్లు చెప్పగా విన్నాను. ఆమె గేటు దాకా పోయి, వాచ్‌మెన్ స్టూలు మీద చతికిలబడి, మంచినీళ్లు అడిగి తాగి, ఫైలు తిరిగి ఇచ్చేసిందట. "ధైర్యం చాల్లేదు పాపం" అన్నారు అందరూ. నేను లేనని వాళ్లు గమనించింది సాయంత్రం ఫైళ్లు లెక్క చూసుకున్నప్పుడు. నేను యూనివర్సిటీలో చేరి, రాజీనామా పోస్టులో పంపాను. ఆమె ఫైలు మాత్రం ఆఫీసు బీరువాలోంచి కరస్పాండెంటు ఇంటికి మారిందని విన్నాను. ఆ తర్వాత కూడా ఆమె దరఖాస్తులు మానలేదు. పిలుపు వచ్చేది, ఫైలు వచ్చేది కాదు.

నిజం చెప్పాలంటే నాకు ఆమె మీద కోపంగా ఉండేది. నన్ను తప్పించాలని చేసిందని తెలుసు, కానీ అంత దూరం నడిచిన మనిషి ఇంకో నాలుగడుగులు ఎందుకు వెయ్యలేదు? గేటు మూసి ఉంటుందిలే, ఏం చేస్తుంది అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. నా పీహెచ్‌డీ వైవా అయిపోయిన రోజు ముందుగా ఆమెకే ఫోన్ చేశాను. నాకంటే ఆమే ఎక్కువ సంబరపడింది. ఏం అడిగారు, నువ్వేం చెప్పావు అని ప్రతి ముక్కా చెప్పించుకుంది. ఆ ఊపులో ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"అక్కా, ఆ రోజు గేటు మూసేశారా?"

ఆమె వెనక గుంటల్లో నీళ్లు చిలికే ఏరియేటర్ల హోరు వినిపిస్తోంది.

"మూయలేదు మే. తెరిచే ఉండింది. కమిటీవాళ్ల కారు బోజనానికి పోతా ఉంటే వాచ్‌మెను రెండు రెక్కలూ తీసి సెల్యూటు కొడతా ఉండాడు. కమిటీ ముందర పరిగెత్తలేక ఎనకాల వచ్చేవాళ్లు ఇంకా జెండా కంబం కాడే ఉండారు."

"మరి ఎందుకు ఆగిపోయావు?"

"గేటు కాడికి వచ్చేతలికి నువ్వు కనపడినావు. ఫైలు సంకలో పెట్టుకోని, బస్సు కోసరం మెడ చాపి చూస్తా ఉండావు. నేను రోడ్డెక్కితే వాళ్లందరూ రోడ్డెక్కతారు గదా. అందుకని స్టూలు మీద కూర్చున్నా. ఫైలు అడిగినారు. నీళ్లు తెస్తే ఇస్తానన్నా. నీళ్లు తెచ్చినారు, తాగినా. మళ్లీ అడిగినారు. కాళ్లు లాగతా ఉండాయి, కాసేపు ఆగండయ్యా అన్నా. బస్సు ఆగి, నిన్నెక్కించుకోని కదిలిన సద్దు వినపడినాక ఇచ్చినా."

ఏడుపు వినపడకూడదని ఫోను దూరంగా పెట్టుకున్నాను, అయినా ఆమెకు తెలిసిపోయింది.

"ఏడ్చేదానికేముంది?" అంది. "ఇద్దర్లో ఒకరం బయటపడినాం గదా మే."